పక్క గదిలోని గిటార్

ట్రాన్సిస్టర్‌కి ఆత్మ ఉండదు, మూడు కాళ్ళుంటాయి. ఈ మాట నేను ఎంతోమంది గిటారిస్టుల మొహం మీదే అన్నాను. వాళ్ళు నా పనిబల్ల ముందు కూర్చుని, గిటార్ మోతని మార్చే పాత పెడల్‌ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, "దీంట్లో ఏదో ఉందండీ, వేరేవాటిల్లో అది రాదు" అంటారు. ఉన్నదేమిటో నేను మీటరు పెట్టి చూపిస్తాను. ఎండిపోయిన కెపాసిటరు, తుప్పు పట్టిన సాకెట్టు, కొన ఊపిరితో ఉన్న బ్యాటరీ. వాళ్ళకది నచ్చదు. పక్కనుంచి మా ఆయన నవ్వేవాడు. "మా మీటరు ముందు దయ్యమైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే" అనేవాడు. మీటరంటే నేనే, పెళ్ళైన కొత్తలో నన్ను ఏడిపించడానికి పెట్టిన పేరది, అలాగే ఉండిపోయింది. ఆయన తప్ప నన్నెవరూ అలా పిలవలేదు.

అలాంటి నేను, పోయిన మనిషి గొంతు స్పీకర్‌లో వినపడుతోందని నమ్మి, మధ్యాహ్నం పూట తలుపు గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎలా నమ్మానో చెప్పాలంటే ముందు బఫర్ అంటే ఏమిటో చెప్పాలి.

గిటార్ తీగల కింద, వాటి అదురుని కరెంటుగా మార్చే పికప్ ఉంటుంది. అందులో పుట్టే కరెంటు మహా బలహీనమైనది. పొడుగాటి కేబులూ, దారిలో ఉన్న పెడళ్ళూ తలా కాస్త తాగేస్తే చివరికి స్పీకర్ దాకా చేరేది అడుగూ బొడుగూ. ముందుగా పోయేది పదును. తీగ మీద గోరు తగిలిన చప్పుడు లాంటిదంతా దారిలోనే చచ్చిపోయి, దుప్పటి కప్పుకుని మూలిగినట్టుండే మోత మాత్రం మిగులుతుంది. దీనికి మందు బఫర్. ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, అంతే దాని సంసారం. అది గిటార్ పక్కన కూర్చుని, గిటార్ మీద ఏమాత్రం బరువు వెయ్యకుండా విని, విన్నదాన్ని విన్నట్టే, కాకపోతే బలంగా, కేబుల్‌లోకి పంపిస్తుంది. పెంచదు, తగ్గించదు, సొంత కవిత్వం కలపదు. చాడీలు చెప్పని ఆడపడుచు లాంటిదని మా ఆయన అనేవాడు. ఆయన అక్క ఎదురుగా ఉన్నప్పుడే అనేవాడు, ఆవిడా నవ్వేది. అటునుంచి ఇటు రావడమే తప్ప ఇటునుంచి అటు ఒక్క ముక్క కూడా వెళ్ళకపోవడం దానికున్న ఇంకో గుణం.

ఆయన పోయి ఏడాది దాటింది. రిహార్సల్ నుంచి వస్తూ బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడని అందరూ అనుకున్నారు. చివరి స్టాపులో కండక్టరు లేపబోతే లేవలేదు. గిటార్ ఒళ్ళోనే ఉందట. అది ఇంటికొచ్చిన రోజే మా అత్తయ్య తన మంచం ఆయన వాయించుకునే గదిలోకి మార్పించుకుంది. అది నా వర్క్‌షాపుకి పక్క గదే, మధ్యలో లావుపాటి గోడ. ఆవిడ నన్ను తిట్టలేదు, నా మీద పడి ఏడవలేదు, ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నన్ను గుచ్చి గుచ్చి తినేసింది. ఎంతసేపూ ఆ కంపు పొగలో కూర్చుని వైర్లు అతుక్కుంటూ, కట్టుకున్నవాడికి ఒంట్లో ఎలా ఉందో కనిపెట్టలేకపోయింది అని ఆవిడ మనసులో ఉందనుకున్నాను. ఒక ఇంట్లో ఇద్దరం అద్దెకున్నవాళ్ళలా బతికాం. "భోజనం పెట్టమంటారా?" "పెట్టు." "మందు వేసుకున్నారా?" "ఊఁ." రోజుకి సరిపడా మాటలు అక్కడితో అయిపోయేవి.

ఇది చూడలేక మా వదిన, అంటే మా ఆయన అక్క, ఫోన్ చేసింది. "అమ్మని నాతో తీసుకెళ్తాను. నీకూ కాస్త ఊపిరాడుతుంది" అంది. మంచి ఉద్దేశంతోనే అంది. నేను "మీ ఇష్టం వదినా" అన్నాను. అత్తయ్యని అడిగితే, "వెళ్తే గిటార్ కూడా నాతోనే వస్తుంది" అంది. సరేనన్నాను. ఉండమని నేనెందుకు అంటాను? ఆవిడకి నా మొహం చూడటమే కష్టంగా ఉందని కదా నా నమ్మకం.

ఈలోగా ఒక గిటారిస్టు వచ్చాడు. జుట్టు భుజాల కిందకి ఉంటుంది కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు జులపాలాయన. పెద్ద పెద్ద హాళ్ళలో వాయిస్తాడు. వేదిక మీద అటూ ఇటూ పరిగెత్తాలని కేబుల్ పొడుగు పెంచుకుంటూ పోయాడు, మోత మొద్దుబారింది. నప్పే బఫర్ ఒకటి కట్టిపెట్టమన్నాడు. దాన్ని పరీక్షించడానికి నాకు పొడుగాటి కేబుల్, బలహీనమైన పికప్ ఉన్న గిటార్ కావాలి. మా ఆయన గిటార్‌ని మించింది లేదు. అందులో పికప్ తీగచుట్టని ఆయన చేత్తోనే చుట్టుకున్నాడు. మామూలుగా అయితే చుట్టాక దాన్ని కరిగిన మైనంలో ముంచుతారు, తీగ పోగులు కదలకుండా బిగుసుకోవడానికి. ఆయన ముంచనివ్వలేదు. మైనం పోస్తే చెవుల్లో దూది పెట్టినట్టేనని ఆయన వాదన. దాని మీద మేం చాలాసార్లు పోట్లాడుకున్నాం.

"అత్తయ్యా, గిటార్‌కి ఒక వైరు తగిలించుకుంటాను. ఇక్కణ్ణుంచి కదపను" అన్నాను. ఆవిడ తల ఊపింది. నేను కేబుల్ తగిలించి, ఎవరైనా చేసేట్టే తీగల మీద ఒక గుడ్డ కప్పాను. పరీక్ష జరిగేటప్పుడు తీగలు వాటంతటవి అదరకుండా ఉండటానికి కప్పుతాం.

"అది తియ్యి" అంది అత్తయ్య. "మొహం మీద కప్పినట్టుంది."

తీసేశాను. ఇన్నేళ్ళ పనిలో ఆ గుడ్డ లేకుండా పరీక్ష పెట్టడం అదే మొదటిసారి. కానీ ఆ మాట అన్న మనిషికి తీగల అదురు గురించి పాఠం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

బఫర్ మంచిదో కాదో వాయిస్తే తెలియదు, ఊరుకుంటే తెలుస్తుంది. అందరూ పాట విని పెడల్ కొంటారు, మేము నిశ్శబ్దం విని తయారు చేస్తాం. గిటార్ తగిలించి, ఎవరూ ముట్టుకోకుండా వదిలేసి, మోతని పెంచి స్పీకర్‌కి పంపే ఆంప్ గొంతు బాగా పెంచి కూర్చోవాలి. స్పీకర్‌లో వచ్చే సన్నటి ఇసక చప్పుడు ఎంత తక్కువైతే ట్రాన్సిస్టర్ అంత మంచిదన్నమాట. భోజనాలయ్యాక అత్తయ్య తలుపు వేసుకుని పడుకునే వేళ దీనికి అనువైనది. వీధిలో చప్పుళ్ళు తక్కువ, ఇంట్లో అసలు ఉండవు.

మొదట బఫర్ లేకుండా విన్నాను, నష్టం ఎంతో తెలుసుకోవడానికి. ఇసక చప్పుడు, దాని కింద కరెంటు గుయ్యిమనడం. వాటి అడుగున ఇంకోటి ఉంది. మనిషి నోరు మూసుకుని రాగం తీస్తున్నట్టు ఒక మూలుగు, లేస్తూ, పడుతూ. రేడియో అనుకున్నాను. ఇలాంటి వైర్లు అప్పుడప్పుడు ఏదో ఒక స్టేషన్‌ని పట్టుకుంటాయి. సాకెట్టు దగ్గర చిన్న కెపాసిటరు అతికి దారి మూసేశాను. మూలుగు పోలేదు. వైరు మార్చాను, పోలేదు. ఆంప్‌ని వేరే ప్లగ్గులో పెట్టాను, పోలేదు. అప్పుడు ఆ రాగం నాకు తెలుసని గుర్తుపట్టాను. మా ఆయన తీగలు సరిచేసుకునేటప్పుడు తెలియకుండా తీసే రాగం అది. పాట కాదు, దానికి మాటల్లేవు, ఎక్కడా రికార్డు కాలేదు.

నా చేతిలో వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ ఉంది. దాన్ని జాగ్రత్తగా స్టాండులో పెట్టి, లేచి వెళ్ళి గడియ వేశాను. భయం వెయ్యలేదని చెబితే అబద్ధం. కానీ భయం కన్నా ముందు నాకొచ్చింది కోపం. ఇంతకాలం ఎక్కడికి పోయావని.

మర్నాడు అత్తయ్య స్నానానికి వెళ్ళినప్పుడు మొదటి బఫర్‌ని ఆ గదిలో గిటార్ స్టాండు పక్కనే నేల మీద పెట్టి వచ్చాను. కేబుల్ పదును తాగేయకముందే వినాలి కాబట్టి బఫర్ గిటార్ దగ్గరే ఉండాలి. మధ్యాహ్నం కూర్చుంటే మూలుగులో అక్కడక్కడ మాట ముక్కలు తగిలాయి. గొంతు ఆడో మగో చెప్పలేనంత మసకగా ఉంది. గోడకి చెవి ఆనిస్తే అవతలివాళ్ళ మాటలు ఎలా వస్తాయో అలా. మళ్ళీ విప్పాను. ట్రాన్సిస్టర్ బేస్ కాలు దగ్గర రెసిస్టర్లు గిటార్‌ని లాగుతున్నాయి, వాటి విలువ పెంచాను. సరిపోలేదు. ఆ ట్రాన్సిస్టర్ తీసి పారేసి, ఇంకా తక్కువ తాగే రకం పెట్టాను. ఒక్కో మార్పుకి ఒక్కో అక్షరం తేటపడింది. నా జన్మలో ఏ కస్టమరు కోసమూ అంత శ్రద్ధగా డిజైన్ చెయ్యలేదు. జులపాలాయన ఫోన్ చేస్తే ఇంకా కుదరలేదన్నాను. మీరంత ఆలస్యం చెయ్యరే అన్నాడాయన, చేస్తానని చెప్పి పెట్టేశాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం స్పీకర్ స్పష్టంగా అంది: "మీటరు ఇవాళ కూడా సరిగ్గా తినలేదు."

నేను బల్ల మీద తలపెట్టుకుని ఏడ్చాను. ఏడాదిగా రాని ఏడుపు అది, ముక్కూ మొహం ఏకం చేసుకుని ఏడ్చాను. ఆయన తప్ప ఆ పేరుతో నన్నెవరు పిలుస్తారు? "తింటాన్లే, ఇవాళ్టి నుంచి తింటాను" అని స్పీకర్‌కి చెప్పాను. దాన్లోంచి జవాబుగా సన్నగా, లోతుగా ఒక ఊఁకారం వచ్చింది. ఆ రాత్రి కంచంలో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను. అత్తయ్య నా కంచం వైపు, తర్వాత నా వైపు చూసింది.

ఇక పనిలో చెయ్యి పెట్టడానికి భయం పట్టుకుంది. ఒక్క కెపాసిటరు మార్చినా ఆయన వెళ్ళిపోతాడేమోనని. ఆత్మ ఉందని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళని వెక్కిరించిన నోటితోనే, ఇంకొన్నాళ్ళు ఉండు అని బతిమాలుకునేదాన్ని. నెలాఖరుకి వదిన వస్తుంది, గిటార్ వెళ్ళిపోతుంది. గిటార్ ఇవ్వనని ఎలా చెప్పాలా అని రకరకాలుగా మాటలు కూర్చుకునేదాన్ని. అత్తయ్యని పంపించగలను, దాన్ని పంపించలేను అనుకున్నాను. అంత దూరం వెళ్ళింది నా బుద్ధి.

ఒక మధ్యాహ్నం గొంతు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, తుమ్మింది. వెంటనే ఇంకోటి, వెంటనే మూడోది. మా అత్తయ్య తుమ్ములు వీధి మలుపు దాకా వినపడతాయి, ఎప్పుడూ మూడుకి తక్కువ ఉండవు. స్పీకర్‌లో వినపడిన ప్రతి తుమ్మూ గోడ అవతలి నుంచి కూడా వినపడింది. దయ్యాలకి జలుబు చెయ్యదు.

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. మైనం పోయని చుట్ట. పోగులు బిగుసుకోకపోతే దగ్గరగా మాట్లాడిన గొంతుకి అవి అదురుతాయి, పికప్ కాస్తా మైకు అయిపోతుంది. ఈ విషయం నేనే ఎంతోమందికి చెప్పాను, ఆయనతో పోట్లాడిందీ దీని గురించే. తెలియక కాదు, తెలుసుకోదల్చుకోలేదు. పడుకుంటానని తలుపేసుకుని, అత్తయ్య ఆ గిటార్ ముందు కూర్చుని కొడుకుతో మాట్లాడుతోంది. ఆ రాగం ఆవిడదే, ఆయన పిల్లప్పుడు ఆవిడ దగ్గర పట్టుకున్నది. నా పేరు కూడా ఆయనకి చెప్పేటప్పుడు ఆయన భాషలో చెబుతోంది. ఆయన నాకు ఇంకోసారి పోయాడు. ఈసారి బస్సు లేదు, కండక్టరు లేడు, తప్పు మొయ్యడానికి ఎవరూ లేరు.

అక్కడితో ప్లగ్గు పీకెయ్యాలి. మర్యాద తెలిసిన మనిషి ఎవరైనా అదే చేస్తారు. మర్నాడు భోజనాలు కాగానే నా కాళ్ళు నన్ను అదే కుర్చీ దగ్గరకి తీసుకెళ్ళాయి.

అత్తయ్య ఆ రోజు చాలాసేపు మాట్లాడింది. కుళాయి కారుతోందని, మోకాలు బాగానే ఉందని, పక్కింటి పిల్లి మళ్ళీ మెట్ల మీద ఈనిందని. ఏడాదిలో నాతో అన్న మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. తర్వాత గొంతు తగ్గింది.

"ఆ రోజు ఒంట్లో బాగోలేదన్నావు. నేనే కదరా వెళ్ళమంది. ఇంట్లో కూర్చుంటే ఇంకా నీరసం, నలుగురిలో పడు అన్నాను. అది లోపల పనిలో ఉంది, దానికి నువ్వూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇవాళ్టి దాకా చెప్పలేదు. దాని మొహం చూస్తే నోరు రావట్లేదు నాన్నా. నా మూలంగా అది అలా అయిపోయింది."

ఏడాది పాటు ఆవిడ మౌనాన్ని నా మీద వేసిన నిందగా మోశాను. అందులో నా గురించి నింద లేనే లేదు.

"మీ అక్క వస్తానంటోంది" అంది అత్తయ్య స్పీకర్‌లో. "నాకు ఇక్కడే ఉండాలనుంది. అది ఒక్కతే ఉంటే పొయ్యి కూడా వెలిగించదు. కానీ ఉండమని అది అనాలి కదా. నోరు తెరిచి అనదే. అనడానికి నేనేం చేశాను దానికి. నువ్వే చెప్పు. వెళ్ళమంటావా?" ఆవిడ ఇంకా మెల్లగా ఏదో అంది, నాకు అందలేదు. వినాలన్న ఆత్రంలో ఆంప్ వాల్యూమ్ నాబ్‌ని బాగా తిప్పాను.

"...వెళ్ళమంటే ఒకసారి పలుకు నాన్నా."

ఆ మాట నా స్పీకర్‌లో పెద్దగా మోగింది. స్పీకర్ పెట్టె గోడకి ఆనుకునే ఉంది. ఆ మోతకి గోడ అదిరింది, గోడ అవతల గిటార్ తీగలు అదిరాయి. వాటి మీద గుడ్డ లేదు. తీగల అదురు పికప్‌లోంచి, బఫర్‌లోంచి మళ్ళీ నా స్పీకర్‌లోకి వచ్చి, మళ్ళీ గోడని తట్టింది. లోతైన ఒక స్వరం లేచి, నిలబడి, చాలాసేపు పలికింది. బఫర్‌లోంచి వెనక్కి ఏదీ వెళ్ళదని ఊరంతా చెప్పేదాన్ని, గోడలోంచి వెళ్తుందని మర్చిపోయాను.

"సరే నాన్నా" అంది అత్తయ్య. "అయితే వెళ్తాలే."

ఇన్నాళ్ళూ స్పీకర్‌లో నాకు ఆయన ఊఁకొట్టినట్టు వినపడింది ఈ అదురే. అక్కడ ఆవిడకి వినపడిందీ అదే. ఆవిడ నా మనిషనుకుని నేనూ, నేను తన కొడుకనుకుని ఆవిడా, గోడకి చెరో పక్క కూర్చున్నాం. ఇప్పుడు వెళ్ళమని జవాబిచ్చింది కూడా నేనే.

ఆ సాయంత్రం చెప్పేద్దామని వెళ్ళాను. అత్తయ్య చీరలు మడత పెడుతోంది. మొహం తేటగా ఉంది, ఆయన పోయాక ఆ మొహం నేను చూడలేదు.

"అమ్మాయ్, ఒక మాట చెప్తాను, పిచ్చిదనుకోకు" అంది. "వాడు పలుకుతున్నాడే. నేనడిగితే పలుకుతున్నాడు. నన్ను వెళ్ళమన్నాడు."

ఉన్నదేమిటో మీటరు పెట్టి చూపించడం నా పని. ఆవిడకి ఏం చూపించను? మీకు మిగిలిన కొడుకు గొంతు నా ఆంప్ మోత అని చెప్పనా? "మంచిది అత్తయ్యా" అని వచ్చేశాను. ఆ రాత్రి ఎటు దొర్లినా ఒకటే ఆలోచన. అక్కడ, వదిన వాళ్ళింట్లో, ఆవిడ తలుపేసుకుని గిటార్ ముందు కూర్చుంటుంది. అడుగుతుంది. అది పలకదు.

మర్నాడు పొద్దెక్కాక వదిన కారులో వచ్చింది. కాళ్ళూ చేతులూ కడుక్కుని సామాను సర్దడం మొదలుపెట్టింది. వద్దనే లోపే గిటార్‌కి ఉన్న కేబుల్ పీకి చుట్ట చుట్టి నా చేతిలో పెట్టి, "ఇది నీదే కదమ్మా" అంది. బట్టల సంచి వాకిట్లోకి చేర్చింది. గిటార్‌ని సంచిలో పెట్టబోతుంటే అత్తయ్య ఆపింది.

"ఉండవే. వాడికి చెప్పి బయల్దేరతాను." కుర్చీ లాక్కుని గిటార్ ముందు కూర్చుంది. "బయల్దేరుతున్నాం నాన్నా."

ఏమీ లేదు. వదిన నా వైపు ప్రశ్నగా చూసింది.

"నువ్వే కదా వెళ్ళమన్నావు" అంది అత్తయ్య. "పలుకు. ఒక్కసారి."

ఆ క్షణంలో నా మనసులో పుట్టిన పాడు ఆలోచన దాచను. ఊరుకుంటే చాలు. వాడికి ఇష్టం లేదనుకుని ఆవిడే ఆగిపోతుంది. నేను ఒక్క మాట అనక్కర్లేదు, నాకేమీ పోదు.

అత్తయ్య ముందుకు వంగి తీగల మీద చెయ్యి వేసింది. "కోపమొచ్చిందా నాన్నా?" అంది. "ఆ రోజు వెళ్ళమన్నానని ఇప్పుడు కోపమొచ్చిందా?"

"పలకదు అత్తయ్యా" అన్నాను. "వైరు లేకపోతే పలకదు. మీరు మాట్లాడేది వైరులోంచి నా స్పీకర్‌లోకి వస్తోంది. నేను పెద్దగా పెట్టుకుంటే ఆ మోతకి గోడ అదిరి తీగలు పలుకుతున్నాయి. నిన్న పలికింది నా వల్ల. వెళ్ళమని ఎవరూ అనలేదు."

ఆవిడ నా చేతిలోని కేబుల్ వైపు చూసింది. చెయ్యి తీగల మీదే ఉంది. "చూపించు" అంది.

కేబుల్ మళ్ళీ తగిలించి, వర్క్‌షాపులోకి వెళ్ళి ఆంప్ పెట్టాను. స్పీకర్‌లో ఆవిడ ఊపిరి వినపడింది. తర్వాత "నాన్నా" అని ఒకే ఒక్క పిలుపు. గోడ అవతల తీగలు పలికాయి. ఆంప్ ఆపేశాను. గోడ అవతల నుంచి ఆ పిలుపు మళ్ళీ సన్నగా వచ్చింది, ఈసారి దానికి జవాబు లేదు. నేను గది గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాను. వదిన కళ్ళు తుడుచుకుంటూ నన్ను దాటుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది.

"అయితే ఇన్నాళ్ళూ విన్నది నువ్వు" అంది అత్తయ్య.

"నేనే."

"బస్సు ఎక్కిన రోజు సంగతి కూడా."

"అది కూడా విన్నానత్తయ్యా."

ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. "చచ్చినవాణ్ణి మళ్ళీ చంపావు కదే" అంది. గట్టిగా అనలేదు. "ఎవరో ఒకరు వింటున్నారన్న ధైర్యంతో బతికాను. అదీ తీసేశావు. నాకింక ఏం మిగిల్చావు చెప్పు."

తలుపు చెక్క పట్టుకుని నిలబడి, వచ్చింది వచ్చినట్టు అనేశాను.

"మొదట ఆయనే అనుకుని విన్నాను. మీరు తుమ్మిన రోజు మీరని తెలిసిపోయింది. అప్పుడు ఆపెయ్యాలి, ఆపలేకపోయాను. మర్నాడు కూర్చున్నది ఆయన కోసం కాదత్తయ్యా, మీ కోసం. ఉండండి. నేను అడగాలని మీరనుకుంటున్నారని నాకు తెలియదు. ఇప్పుడు అడుగుతున్నాను, ఉండండి."

అత్తయ్య గిటార్ వైపు చూసింది. ఈసారి దాన్ని ఏదీ అడగలేదు. చీర చెంగుతో తీగల మీద తన చేతి తడి తుడిచింది. తర్వాత కుర్చీలోంచి మెల్లగా లేచి, వాకిట్లోకి నడిచి, కారు దగ్గరకి బట్టల సంచి తీసుకెళ్తున్న కూతుర్ని పిలిచింది.

"అది లోపల పెట్టవే" అంది.